ఇంగ్లీషులో ఒప్పుకున్న ఆపరేషన్

ఏమండీ, పెద్ద విషయాలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటే మనసు కంగారుపడదని మీరనేవారు. మీరు పోయి ఏడాదైనా మీ మాట దిద్దక తప్పడం లేదు. కంగారు పోదు, కాస్త ఆలస్యంగా వస్తుంది.

మన సరళకు గొంతులో గడ్డ. నిన్న హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు అంతా ఇంగ్లీషులోనే చెప్పాడు. ఆపరేషన్ చేయాలట, మాట పోయే ప్రమాదం కొంచెం ఉందట. బడిలో పాఠాలు చెప్పి బతికే మన కూతురు, చీర రంగు ఎంచుకున్నంత తేలిగ్గా "ఓకే డాక్టర్, మండే" అంది. నేనూ తల ఊపాను. మీ దగ్గర తర్ఫీదైన తల కదా.

ధర్మవరం బస్సు పెనుకొండ దాటాక సరళ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, గొంతు కోస్తారంట. మాట రాకపోతే పిల్లోల్లకు ఎట్ల చెప్పల్ల?"

"ఆ మాట డాక్టరునే అడగాల్సింది కదే."

"ఆడ భయం కాలేదుమా. ఈడ అయితాండాది."

ఇంటికి రాగానే డాక్టరుకు ఫోన్ చేసి, మళ్లీ మొదటినుంచి తెలుగులో చెప్పమన్నాను. పాపం, తడబడ్డాడు. "గడ్డను వదిలేస్తే ఇంకా ప్రమాదమమ్మా" అన్నాడు. సరళ అంతా విని, ఏడ్చి, మళ్లీ సరేనంది. ఈ సరేనే నేను నమ్మాను. అయినా నాకు అన్నం దిగడం లేదు.

సోమవారం పొద్దున్నే మీరు ఆసుపత్రికి రండి. ఆపరేషన్ థియేటరు బయట దాని చెప్పులు విప్పిస్తారు, వాటి దగ్గర కూర్చోండి. ఇంగ్లీషులో మాత్రం ధైర్యం చెప్పకండి.