దుత్తలూరులో నా మొదటి గుమ్మటం

1984 జనవరి 9, ఆత్మకూరు
గోబర్ గ్యాస్ ట్రైనింగు. నేను పేర్చిన ఇటుకలు ఈ రోజు కూడా ఊడదీయించాడు రామయ్య మేస్త్రి. "గోడ కాదురా మస్తానూ కట్టేది... కుండ. చిటికెడు గాలి బయటికి పోకూడదు." తాపీ పట్టి ఇన్నేళ్ళయ్యాక మళ్ళీ ఓనమాలు! ఒళ్ళు మండింది. తిరిగి పేర్చాక ఒప్పుకోక తప్పలేదు — ముందుది వంకరే.

జనవరి 28
ట్రైనింగు ఆఖరు. మేస్త్రి తన తాపీ నా చేతిలో పెట్టాడు. "ఏ ఊర్లో అయినా మొదటిది మండాల. మండిందా, పని నీ ఇంటికొస్తాది. మండలేదా, ఇంకెవురూ గుంత తవ్వనియ్యరు." మండకపోతే మళ్ళీ నెల్లూరులో కూలిపని, ఇల్లూ పిల్లలూ ఉదయగిరిలో... వద్దు దేవుడా.

ఫిబ్రవరి 6, దుత్తలూరు
సుబ్బమ్మ గారి దొడ్లో గుంతకి ముగ్గు పోశాం. ఈ చుట్టుపక్కల మొదటి ప్లాంటు. భర్త పోయాక సేద్యం, బర్రెలు అన్నీ ఆమే చూసుకుంటున్నారు. టీ అంగడి దగ్గర రైతులందరిదీ ఒకటే మాట — "ఆమెది వెలగనీ, తర్వాత చూద్దాం."

ఫిబ్రవరి 24
గుంత మీద గ్యాస్ నిలిచే ఇటుకల గుమ్మటం పూర్తయింది, దాని కింద ఆనించిన చెక్కలు తీశాను. లోపల నేనొక్కణ్ణే. ఆఖరి చెక్క లాగేటప్పుడు కళ్ళు మూసుకున్నాను, సిగ్గు లేకుండా. నిలబడింది! పైనుంచి సుబ్బమ్మ గారి కేక — "ఉండావా సాయిబూ, పోయినావా?" చెంబుతో మజ్జిగ దించారు. అంత చల్లటి మజ్జిగ నేనెప్పుడూ తాగలేదు.

ఫిబ్రవరి 26
లోపల పూత. నడుం విరిగింది.

మార్చి 22
పేడా నీళ్ళూ కలిపి ఎప్పుడో నింపేశాం. మొదట వచ్చే గ్యాస్ మండదు, వదిలెయ్యమని నేర్పారు. వదిలేశాను. ఈ రోజు అగ్గిపుల్ల గీస్తే... నీలంగా, చిన్నగా, కాసేపే. చాలు! వచ్చే వారం ఆఫీసర్లు చూడటానికి వస్తారట.

మార్చి 30
వెలగలేదు. ఆఫీసర్ల ముందు, ఊరి ముందు. పుల్ల మీద పుల్ల గీశాను. "గుమ్మటం లీకు," అన్నాడు సుబ్బమ్మ గారి మరిది. అంగడి దగ్గరి వాళ్ళంతా తలలూపారు. "పగలగొట్టి మళ్ళీ కట్టు," అన్నారు ఆఫీసరు. అన్నం సయించలేదు. కట్టింది నేను. లీకయితే ఎవరినంటారు?

ఏప్రిల్ 1
ఆత్మకూరు వెళ్ళి చెప్పగానే మేస్త్రి నాతోనే బస్సెక్కాడు. మంచి మనిషి. పేడ పోసే తొట్టి మీదికి వంగి వాసన చూశాడు. "ఏందిరా, ఆస్పత్రి వాసనొస్తా ఉండాది?"
సుబ్బమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "సార్లు వస్తారని వారమంతా దొడ్డిని ఫినాయిలేసి కడిగించినాను... ఆ నీళ్ళు దాంట్లోకే పోయినాయి."
మేస్త్రి అక్కడే కూలబడి నవ్వాడు. పేడలో గ్యాస్ పుట్టించే పురుగులన్నీ చచ్చాయట. మరి గుమ్మటం? "బాగానే ఉండాదనుకుంటా. మళ్ళా నింపితేనే తెలుస్తాది."

ఏప్రిల్ 2
సుబ్బమ్మ గారు టీ అంగడికి తానే వెళ్ళారు. "ఫినాయిలు పోసింది నేను. పిల్లోణ్ణి ఏమీ అనొద్దు." మరిది అక్కడే ఉన్నాడు. నేనెవరినని ఆమెకి? దణ్ణం పెట్టబోయాను. "పోయి గుంత ఖాళీ చెయ్యి," అన్నారు.

ఏప్రిల్ 5
గుంత కడిగి కొత్త పేడ నింపాం. తోడు వెయ్యడానికి ఆత్మకూరు ప్లాంటు నుంచి పాత పేడనీళ్ళు, రెండు బిందెలు, బస్సులో. "ఏందయ్యా అది?" అన్నాడు కండక్టరు. చెప్పాను. వెనక సీటంతా నాకే వదిలేశారు జనం.

ఏప్రిల్ 13
గ్యాస్ ఇంకా రాలేదు. ఎండలు బాగానే ఉన్నాయి, వేడికి పేడ తొందరగా పులుస్తుంది. రావాలి.

ఏప్రిల్ 21
సుబ్బమ్మ గారి వంటింట్లో కట్టెల పొయ్యి లేదు! పొద్దున్నే పారతో పడగొట్టేసి, ఆ చోటు అలికేశారు కూడా.
"ఏందమ్మా ఇది? ఇంకా గ్యాస్ రాలా గదా!"
"వస్తాదిలే. నీ పొయ్యి పెట్టేదానికి జాగా కావాల గదా."
అందాకా మరిది ఇంట్లో వండుకుంటారట. ఆ మరిది ఇంట్లోనే!
నా సొంతవాళ్ళు కూడా నన్నింత నమ్మలేదు. సాయంత్రం పుల్ల గీసి చూశాను... టప్పుమని ఒక్కసారి అంటుకుని ఆరిపోయింది. పొద్దున మళ్ళీ వెళ్ళాలి.