సగం ఖాళీగా ఉండాల్సిన డిస్కులు

జనవరి 4, మంగళవారం

మా ప్రభుత్వాఫీసుకి మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద కంప్యూటర్, ఒక్కటే. అందులో అరవై వర్చువల్ మెషీన్లు, దేనికది వేరే కంప్యూటర్ అన్నట్టు, కాపురముంటున్నాయి. ఉన్న మెమొరీకి రెట్టింపు పంచిపెట్టాను. అన్నీ ఒకేసారి మేలుకోవు కాబట్టి బండి నడుస్తోంది. మెమొరీలో పట్టనివి పేజీలు పేజీలుగా పేజింగ్ డిస్కుల్లోకి పోతాయి. ఆ డిస్కుల్లో సగం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. నిండితే అరవై మెషీన్లూ ఒక్కసారే కూలిపోతాయి.

ఇవాళ మేనేజర్ బ్రెంట్ కళ్ళు ఆ ఖాళీ మీద పడ్డాయి. ఏంటి లోర్నా, ఇంత చోటు ఊరికే పడేసుకున్నావ్, అవతల బ్యాకప్ వాళ్ళు చోటు లేక ఏడుస్తున్నారు, అన్నాడు. చలి ముదిరితే ఇళ్ళు వెచ్చబెట్టుకునే హీటింగ్ ఆయిల్‌కి మనమిచ్చే సాయం కోసం జనం ఎగబడతారు, ఆ దరఖాస్తులన్నీ ఈ మెషీన్ల మీదే, ఆ చోటు అప్పటికి కావాలి అన్నాను. అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదాను.

జనవరి 6

బ్యాకప్ వాళ్ళు ఆరు పేజింగ్ డిస్కుల్లో రెండు పట్టుకుపోయారు.

జనవరి 11

పక్క సీటు వాండా తన మెషీన్‌కి నలభై ఎనిమిది గిగాబైట్ల మెమొరీ అడిగింది. పన్నెండు చాలని ఇద్దరికీ తెలుసు. నువ్వెలాగూ సగం కోస్తావు కదే, అందుకే ఎక్కువేసి రాశాను, అని నవ్వింది. ఇక్కడ అందరూ అంతే. ఇరవై నాలుగు ఇచ్చాను. ఇరవై ఒకటిన పై అంతస్తులో కమిషనర్ల ముందు ఆమె టీమ్ చేసిన కొత్త ప్రోగ్రామ్ డెమో. అది నచ్చకపోతే ఆమెతో సహా టీమ్‌లో నలుగురూ ఇంటికే. భయంగా ఉందే లోర్నా అంది. తన డబ్బాలోంచి నాకూ రెండు హలుప్కీలు, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండినవి, పెట్టింది.

జనవరి 19

మంచు. పేజింగ్ 74 శాతం. బ్రెంట్‌కి చెప్పాను. ఇంకా ఇరవై ఆరు ఉందిగా అన్నాడు.

జనవరి 21, ఉదయం

93. ఆయిల్ సాయం ఫోన్లు ఆగడం లేదు. ఆయిల్ ట్యాంకు ఎండితే ఇళ్ళల్లో నీళ్ళ పైపులు గడ్డకట్టి పగులుతాయి, పసిపిల్లలున్న ఇళ్ళు. ఒక మెషీన్‌ని పీకేస్తే తప్ప మిగతావి బతకవు. బ్రెంట్ మీటింగ్‌లో ఉన్నాడు. నువ్వే చూసుకో అని మెసేజ్ పెట్టాడు.

అందరికంటే ఎక్కువ మింగుతున్నది వాండా మెషీన్. ఆమె ఇప్పుడు పైన డెమో ఇస్తోంది. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. 96.

ఆపేశాను. ఒక్క లైన్ కమాండ్.

61.

జనవరి 24

వాండా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్ళ ముందు తెర నల్లబడిపోయిందే, బొమ్మలా నిలబడిపోయాను అంది. ఫోన్ చేశానే అన్నాను. వాళ్ళు చూస్తుంటే ఎలా ఎత్తుతానే అంది. అరిచినా బాగుండేది. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

సాయంత్రం మీటింగ్‌లో బ్రెంట్ నన్ను మెచ్చుకున్నాడు. ఎంత సమయస్ఫూర్తి, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 4

ఉద్యోగాలు పోయి వాండా టీమ్ నలుగురూ వెళ్ళిపోయారు. వీడ్కోలు కేక్ కోశారు. నేను మెషీన్ రూమ్‌లోనే ఉండిపోయాను.

ఫిబ్రవరి 7

వాండా మెషీన్‌ని మళ్ళీ ఆన్ చేశాను. లాగిన్ అయ్యేవాళ్ళు లేరు. వాడేవాళ్ళు లేక ఒక్కో పేజీ మెమొరీలోంచి డిస్కులోకి జారిపోతోంది. చూస్తూ కూర్చున్నాను.