వెనక సీట్లో ఇసుక సంచులు

రఘూ,

ఆదివారాలు నన్ను విమానంలో ఎక్కించుకుని వెళ్ళింది నేను తోడుండాలనా, వెనక సీట్లో బరువుండాలనా? ఇన్నేళ్ళూ ఈ మాట నిన్ను అడగలేకపోయాను.

మన ఆబిడ్స్ ఇంటి వెనక షెడ్డులో నువ్వు సొంతంగా చేసుకున్న ఆ రెండు సీట్ల విమానాన్ని ఒక్కడివే నడిపితే ముక్కు బరువై, దిగేటప్పుడు ముందుకు వాలేది. అందుకే బయల్దేరే ముందు నాంపల్లి స్టేషన్లో నన్ను బరువు మెషీన్ ఎక్కించి, చీటీ చూసి, "సరిపోయావు, పద" అనేవాడివి.

నువ్వు పోయాక దాన్ని నీ దోస్తు యాదగిరి నడుపుతున్నాడు. వెనక కూర్చోమంటే నావల్ల కాలేదు. సుల్తాన్ బజార్లో మందపాటి గుడ్డ కొని, నా బరువుకు సరిపడా ఇసుక సంచులు కుట్టిచ్చాను. అక్కర్లేనప్పుడు తీసేయొచ్చు. ఈ ఉదయం వాటిని నా సీటుకు బెల్టుతో బిగించి ఎగిరాడు. అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తగా దిగాడు. ముక్కు వాలలేదు.

"మస్తుంది వదినా! గీ సంచులే నీకన్న నయం. మలుపు తిప్పితే అరుస్తలేవు."

నవ్వేసి అడిగాను. "మరి అప్పట్లో ఆయన సంచులెందుకు పెట్టుకోలేదు?"

"నేను అప్పుడే చెప్పిన. వద్దన్నడు."

"ఎందుకని?"

"ఇసుక కారి లోపల తీగలల్ల పడ్తదట."

నేను రెండు వరసల కుట్టు వేశాను రఘూ. ఒక్క రేణువు కారలేదు. నేను ఉండాలనే వద్దన్నావో, నిజంగా ఇసుకకే భయపడ్డావో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.