ఎడమ వరుస కోళ్లు

మార్చి 3
ట్రయల్ మొదలైంది. పెద్దమ్మ షెడ్డులో గుడ్లు పెట్టే లేయర్ కోళ్లు నాలుగు వందలు. కుడి వరుసకు వెల్లుల్లి, వాము సారం కలిపిన దాణా. ఎడమ వరుసకు మామూలు దాణా. అరవై రోజుల్లో కుడి వరుస ఎక్కువ గుడ్లు పెట్టాలి. తేడా కనిపించకపోతే నా పీహెచ్‌డీకి ఇక గడువు ఇప్పించలేనని గైడ్ మొహం మీదే చెప్పేశారు. ఇప్పటికే ఐదేళ్లు. పొద్దున దాణా వేసేది పెద్దమ్మ. కాలేజీ నుంచి వచ్చి గుడ్లు లెక్కపెట్టి తూచేది నేను.

మార్చి 19
తేడా లేదు.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం 3
కుడి 171. ఎడమ 172. రెండు వరుసలూ కూడబలుక్కుని నన్ను ఏడిపిస్తున్నాయి. పెద్దమ్మ మాత్రం మహా సంబరంగా ఉంది. పెంకు గట్టిపడిందట, మొత్తం మీద రోజుకు ఇరవై గుడ్లు పెరిగాయట. నీ మందు మంచిదేనే అంటుంది. మరి ఎడమ వాటికి ఏ మందు పెట్టానని విసుక్కున్నాను. నీళ్ల పైపు చూడాలంటూ గబగబా వెళ్లిపోయింది.

ఏప్రిల్ 14
అన్నం సయించడంలేదు. నెలాఖరుకు డేటా పంపమని గైడ్ ఫోన్. ఎడమ వరుసకు రోజుకు పది తగ్గించి రాస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక పేజీ రాశాను కూడా. చించేశాను.

ఏప్రిల్ 22, ఉదయం 6
ఉండబట్టలేక పెందలాడే షెడ్డుకు వచ్చాను. ఎడమ వరుస తొట్టిలోంచి గుప్పుమని వెల్లుల్లి వాసన. పెద్దమ్మను నిలదీశాను. మూడో రోజు నుంచీ రెండు బస్తాలూ కలిపేసి అన్నిటికీ సమానంగా వేస్తోందట. ఎదురెదురుగా ఉన్నవాటిలో ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోవడం తన వల్ల కాదట. మీ అక్కకూ నీకూ ఎప్పుడైనా అలా పెట్టానా అని తిరిగి నన్నే అడిగింది. నోటికొచ్చినట్టు అరిచాను. తర్వాత ఏడ్చాను. కొంగుతో నా మొహం తుడవబోయింది. చెయ్యి విదిలించి కొట్టాను. అది తప్పే.

ఏప్రిల్ 23
గైడ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంతా విని నవ్వారు. ఐదేళ్లలో ఆయన నవ్వు వినడం ఇదే. రెండు వారాలు అన్నిటికీ మామూలు దాణా వేసి, మళ్లీ మొదటి నుంచి చేయమన్నారు. ఇక ఇదే ఆఖరుసారి. దాణా నీ చేత్తోనే వెయ్యమ్మా అన్నారు.

మే 9, ఉదయం 5.30
పెద్దమ్మను షెడ్డు బయటే ఆపేశాను. కుడి వరుసకు వేశాను. ఎడమ బస్తా విప్పి పావుగంటయింది.

చెయ్యి రావడంలేదు.