అన్నయ్య తొట్టిలో కలుపు

నా బుజ్జులూ,

ప్రభువు నామంలో అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ నాన్న, మేకలు రెండూ, గాజుతొట్టిలో అన్నయ్య చేపలు మూడూ క్షేమం. అక్కడ నువ్వు కూడా అలాగే ఉండాలని రెండు పూటలా ప్రార్థన చేస్తున్నాను. మిరపకాయ రెండో కోత నడుస్తోంది. వేళ్ళు మండుతున్నాయి, అందుకే అక్షరాలు వంకరగా వస్తున్నాయి. నేను చదివింది మూడో తరగతి, ఆ పైన పాస్టరమ్మ గారి దగ్గర బైబిలు చూసి కూడబలుక్కున్నదే. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

ఫోన్లో అడక్కుండా ఉత్తరం ఎందుకు రాశావో నాకు తెలుసు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను ఏడుస్తాను, మీ నాన్న ఫోను లాక్కుని కట్ చేస్తాడు. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. నువ్వు నాలుగు మాటలు అడిగావు. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అని. నేను ఎదురుగా నిలబడితే వేసుకుంటున్నాడు. నల్లమేక ఈనిందా అని. ఇంకా లేదు. తొట్టి ఎవరికిచ్చారు అని. దానికి పెద్ద జవాబుంది. నాలుగోది, దసరా సెలవలకి వచ్చి నువ్వు మంగుళూరు తిరిగి వెళ్ళేనాడు అన్నయ్య నీతో మాట్లాడలేదు కదా, ఆ కోపంతోనే పోయాడా అని. ఆ వరుస దగ్గర సిరా అలుక్కుపోయింది. ఎందుకు అలుక్కుపోయిందో కన్నతల్లికి ఒకరు చెప్పాలా? దానికి ఆఖర్న వస్తాను. అది రాయకుండా ఈ కాగితం మడవను.

ముందు తొట్టి సంగతి. ఎవరికీ ఇవ్వలేదు తల్లీ. క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు "ఇచ్చేశాంలే" అన్నది అబద్ధం. దాని మాటెత్తితేనే నువ్వు ఏడుస్తున్నావని అలా అన్నాను. మీ అన్నయ్య జయ పోయిన పదోనాడే మీ నాన్న "ఆ ఉప్పునీళ్ళు అవతల పారబొయ్యవే, నేను చూళ్ళేకపోతున్నా" అన్నాడు. చెంబు పట్టుకుని వెళ్ళాను కూడా. వెళితే వాడి గుండీల పగడం విచ్చుకుని ఉంది. చొక్కాకి కుట్టినట్టు రాయి నిండా పచ్చ గుండీలుంటాయే, అది. మద్రాసులో రంగుచేపల షాపులో పని మానేసి వచ్చేటప్పుడు, వాళ్ళిచ్చిన పాత తొట్టిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు చూడు, ఆనాడు ప్లాస్టిక్ సంచిలో తెచ్చిన ముక్క అది. తర్వాత పేటలో స్పిన్నింగు మిల్లుకి డ్యూటీకెళ్ళే రోజుల్లో కూడా దానికి మొహం చూపించందే బండి తీసేవాడు కాదు. ప్రాణంతో ఉన్నదాన్ని పారబొయ్యడానికి నాకు చెయ్యాడలేదు. హైవే మీద ఆ లారీకి నేను అడ్డం పడలేకపోయాను. దీనికైనా అడ్డం పడతాను అనుకున్నాను.

క్రిస్మస్ ముందు నుంచి ఆ గుండీలు ముడుచుకుపోవడం మొదలైంది. చూస్తే రాళ్ళ సందుల్లో గోధుమరంగు మొలకలు. చిటికెనవేలంత ఉంటాయి, తలమీద తాటాకు చీరికల్లాగా పోగులు. చూడ్డానికి పువ్వు, కానీ అది జంతువేనట. ఆ పోగులతో పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపుతుందట. ఇదంతా నాకప్పుడు తెలియదు. పదేళ్ళ పిల్లప్పటి నుంచి కలుపుకి వెళ్ళినదాన్ని, పత్తిచేలో గరిక కనబడితే నా చేతులు ఆగుతాయా? ఒక పూటంతా కూర్చుని, పాత చెంచాతో గీకి, గోళ్ళతో గిల్లి, మొత్తం పీకేశాను. కొన్ని చేతికొచ్చాయి, కొన్ని ముక్కలై నీళ్ళలో తిరిగాయి. మీ నాన్న కూడా "బాగా శుభ్రం చేశావే" అన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే ఒక్కటి ఉన్నచోట పది లేచాయి.

గుంటూరులో అల్లాబక్షు గారని, అన్నయ్య తొట్టికి ఉప్పు కొనుక్కునే షాపాయన. ఆయనకి ఫొటో పంపించి ఫోన్ చేశాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"చెల్లెమ్మా, నువ్వు కలుపు తీశావా, నాట్లేశావా?"

"అదేంటన్నా అట్లా అంటావు?"

"దాని ముక్క ఎక్కడ పడితే అక్కడ మళ్ళీ మొలుస్తది. గిల్లకూడదు. దాన్ని తినేదాన్ని తేవాలి."

"కొట్టడానికి మందేం లేదా?"

"మందేస్తే పగడమూ పోద్ది. మిరపచేను కాదమ్మా ఇది."

తినేదంటే ఏదో పెద్దచేప అనుకున్నాను. మద్రాసు నుంచి బస్సు పార్సిల్లో చిన్న థర్మాకోల్ పెట్టె వచ్చింది. అందులో ఆరు నత్తలు. గుల్ల లేని సముద్రపు నత్తలు. ఒక్కోటి గోరంత కూడా లేదు. తెల్లటి ఒళ్ళు, వీపు నిండా మెత్తటి ముళ్ళు, నీళ్ళు కదిలితే ఆ ముళ్ళు గడ్డిలా ఊగుతాయి. మీ నాన్న కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, "ఇవా తినేవి? ఆ కలుపే వీటిని తినేసిద్ది" అన్నాడు. అవి లోకంలో ఇంకేమీ ముట్టవట బుజ్జులూ. ఆ కలుపొక్కటే వాటి తిండి.

తొట్టిలో వేసేముందు కొంచెం అలవాటు పడాలన్నారని, ఉప్పునీళ్ళు కలిపి ఒక గిన్నెలో ఉంచాను. తెల్లారేసరికి ఆరూ చచ్చిపోయాయి. జయని సమాధి చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదని మీ అత్తలు చెప్పుకున్నారు కదా. ఆ ఏడుపంతా ఆ గిన్నె దగ్గర వచ్చింది. ఎందుకు చచ్చాయో కాసేపాగి రాస్తాను. నీ నాలుగో మాటకి జవాబు కూడా అదే.

అయినా వదలలేదు. జనవరిలో మళ్ళీ ఎనిమిది తెప్పించాను. ఈసారి బతికాయి. పగలు రాళ్ళ కింద దాక్కుంటాయి, చీకట్లోనే మేస్తాయి. నేను కోతకెళ్ళడానికి నాలుగింటికి లేస్తాను కదా, పొయ్యి వెలిగించే ముందు తొట్టి దగ్గరికెళ్ళి ఫోన్ లైటు మీద మీ నాన్న ఎర్ర తువ్వాలు కప్పి చూస్తాను. తెల్లలైటు వేస్తే అవి బెదురుతాయట. ఒకనాడు ఒకటి ఆ కలుపు మొదలు పట్టుకుని పీలుస్తూ కనిపించింది. తల్లిపాలు తాగినట్టే ఉంది. "ఏవండీ, తింటోంది!" అని నేను అరిచిన అరుపుకి మీ నాన్న పామనుకుని కర్ర తీసుకుని వచ్చాడు.

ఇప్పుడాయన నాకన్నా ఎక్కువైపోయాడు. మొన్న మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు. కోత నుంచి వచ్చేసరికి, తొట్టిలో గాలిబుడగల మోటారుకి చేలో మందుకొట్టే ట్యాంకు బ్యాటరీ తగిలించి, తడిగుడ్డ కప్పి, పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. "ఊపిరాడక చస్తాయేమోనని" అన్నాడు. ఆ బ్యాటరీకి తీగలు అతకడం జయే నేర్పాడట.

నాతో కోతకొచ్చే కోటిరత్నం ఊరుకుంటుందా? కోతలో పదిమంది ముందు, "ఏమే సంతోషం, నత్తలకి కూలికెళ్తున్నావంటగా?" అంది. "అవునే, నీకన్నా అవే నయం, మాట్లాడకుండా కలుపు తీస్తయ్" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు నెలల తర్వాత నా నవ్వు నాకే కొత్తగా వినబడింది.

కలుపు ఇప్పుడు నాలుగైదు చోట్ల తప్ప లేదు. గుండీలు మళ్ళీ విచ్చుకుంటున్నాయి.

ఇక నీ మాటకి వస్తాను. ఇక్కడ దాకా వచ్చి లేచి మంచినీళ్ళు తాగి కూర్చున్నాను.

ఆ ఆరు నత్తలు చచ్చిన పొద్దున అల్లాబక్షు గారికి ఫోన్ చేస్తే, ఆయన ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. ఏ నీళ్ళు అన్నాడు, మంచినీళ్ళ ప్లాంటు క్యాను నీళ్ళే అన్నాను. ఏ ఉప్పు అన్నాడు, మీరిచ్చిందే అన్నాను.

"దేంట్లో కలిపావు?"

"నీలం బకెట్లో అన్నా."

"ఆ బకెట్ దేనికి వాడతారు?"

"మిరపచేలో మచ్చ తెగులుకి రాగిమందు కలుపుతాం. మూడుసార్లు సర్ఫేసి తోమానన్నా."

"తోమితే రాగి పోదు చెల్లెమ్మా. ప్లాస్టిక్కు లోపల దాచుకుంటది. చేపలు తట్టుకుంటయ్. నత్తలు, రొయ్యలు తట్టుకోవు" అన్నాడు.

రొయ్యలు అన్న మాట వినగానే నాకు దసరా నాటి సంగతి గుర్తొచ్చింది.

దసరా సెలవల్లో నువ్వున్నప్పుడు, ఆ రోజు జయ డ్యూటీకి పోతూ, "అమ్మా, తొట్టిలో నీళ్ళు తగ్గాయి, క్యాను నీళ్ళు కొంచెం పొయ్యి" అన్నాడు. క్యాను ఎత్తి పట్టుకోలేక బకెట్లోకి వంపుకుని చెంబుతో పోశాను. ఆ నీలం బకెట్లోకే. సాయంత్రానికి వాడి ఎర్రచారల రొయ్యలు రెండూ వెల్లకిలా పడ్డాయి. వాడొచ్చి "ఇక్కడ మందెవరు కొట్టారు?" అన్నాడు. నువ్వు పాపం "దోమలు కుడుతున్నాయని గదిలో కొంచెం కొట్టాను అన్నయ్యా" అన్నావు. "రెండు రొయ్యల్ని చూసుకోలేనిదానివి, రేపు నర్సువై మనుషుల్నేం చూస్తావే" అన్నాడు. ఆ మాట నీకెక్కడ తగిలిందో నేను చూశాను. నేను వంటింట్లో ఉన్నాను బుజ్జులూ. "నేను కూడా నీళ్ళు పోశాను కదా, దానివల్లేమో" అన్న మాట నా నాలిక మీదకి వచ్చింది. వాడి కోపం చూసి మింగేశాను. నిజం పూర్తిగా జనవరిలో తెలిసింది, కానీ అనుమానం ఆనాడే ఉంది. నేను నోరు తెరిచి ఉంటే వాడు నాలుగు మాటలు నన్ను తిట్టి, నీ జడ లాగి, ఆ పూటకే మాట్లాడేవాడు. నువ్వు ఏడ్చుకుంటూ బస్సెక్కావు. పదకొండు రోజులకి వాడు పోయాడు. జనవరిలో తెలిసి కూడా రెండు నెలలు నీకు చెప్పలేదు. నీకు కూడా దూరమవుతానేమోనని.

కోపంతోనే పోయాడా అని అడిగావు. పోయేముందు నీ గురించి ఒక మంచిమాట అన్నాడని రాద్దామనుకున్నాను. ఈ పైన రెండు వరుసలు కొట్టేసి ఉన్నాయి చూడు, అవే. అబద్ధం, అందుకే కొట్టేశాను. ఇప్పటికే ఒకటి ఆడాను, ఇంకొకటి వద్దు. నాకు తెలిసిన నిజం ఒక్కటుంది. నువ్వు మంగుళూరు బీచిలో ఏరి తెచ్చిన గవ్వని వాడు తొట్టిలో పెట్టుకున్నాడు కదా. కోపమొస్తే కంచం, ఫోను, చేతికేది దొరికితే అది విసిరేవాడు వాడు. ఆ పదకొండు రోజుల్లో మూడుసార్లు తొట్టి కడిగాడు, రాళ్ళన్నీ బయటికి తీసి మళ్ళీ సర్దాడు. గవ్వ మాత్రం ఉన్నచోటే పెట్టాడు. ఇప్పుడు నత్తలు పగలు దాక్కునేది అందులోనే.

ఆ కోపం వాడికి ఉండి ఉంటే, అది నాకు చెందాల్సింది. నువ్వు మోసింది చాలు. ఇలా ఇవ్వు, నేను మోస్తాను. నీలం బకెట్ చేలో బోరు దగ్గర పెట్టేశాను, ఇంటికి రాదు. తెల్ల బకెట్ ఒకటి కొని దానిమీద జయ పేరు రాశాను. ఈస్టర్‌కి నువ్వు రావాలి. నామీద కోపంగా ఉంటే కోపంతోనే రా. వచ్చి తిట్టు, మాట్లాడకు, నీ ఇష్టం. రావడం మాత్రం రా. నీకు చూపించాల్సిన తొట్టి ఉంది, అది చావదు, నేను చావనివ్వను.

ఇట్లు,
నీ కోపానికీ నీ ముద్దుకీ కాచుకుని ఉన్న
అమ్మ

కాగితం మడిచాక గుర్తొచ్చింది. ఆ గవ్వ మీద నత్తలు గుడ్లు పెట్టాయి, తెల్లదారం చుట్ట చుట్టినట్టు ఉన్నాయి. కలుపు అయిపోవస్తోంది కాబట్టి పిల్లలకి మేత ఉండదు. అల్లాబక్షు గారిని అడిగితే ఒంగోల్లో ఒకాయన తొట్టి నిండా కలుపుందట, ఉన్న కాస్త కలుపూ పిల్లలకి మిగలాలని పెద్దవాటిని ఏరి ఆదివారం అక్కడికి పంపిస్తున్నాం. పాపం వాటికి ఆ ఒక్క తిండి దొరక్కపోతే అంతే. నువ్వు పంపిన ఫొటోలో నీ దవడలు లోపలికి పోయాయి బుజ్జులూ. మీ హాస్టల్లో ఏది పెడితే అది, పచ్చడి మెతుకులైనా సరే, కడుపు నిండా తిను.