మూడో గడి నీలం

మహబూబాబాద్,
12 అక్టోబర్ 2025, ఆదివారం.

తమ్ముడు వాల్యాకు,

సత్తారన్న సలాము. ఇక్కడ నేనూ, మీ మరియం వదినా బాగానే ఉన్నాం. భూపాలపల్లిలో నువ్వూ, సుక్కీ, మీ అమ్మాయి శోభా, ఆమె పిల్లలూ ఒంట్లో సుఖంగా ఉన్నారనే నమ్మి కలం పట్టాను. నాలుగేళ్ళకు రాస్తున్న ఉత్తరం కదా, ముందు క్షేమ సమాచారాలు పద్ధతిగా రాయమని మీ వదిన ఎదురుగా కూర్చుంది. రాశాను. ఇక మిగతాది నా ఇష్టం.

ఫోను చేస్తే నువ్వెత్తవు. నా నంబరు కనబడితే చాలు, కట్ చేస్తావు. అందుకని శోభను బతిమాలి అడ్రసు రాయించుకున్నాను. ఆ పిల్లను తిట్టకు. చదవకుండా చించి పారేశావో, నేనే బస్సెక్కి వచ్చి మీ గుమ్మం ముందు నిలబడి గట్టిగా చదువుతాను. మీ వాడకట్టంతా వింటుంది. నా గొంతు సంగతి నీకు తెలుసు.

విషయం ముందే చెప్తాను. జనగామ పళ్ళ డాక్టరమ్మ మళ్ళీ ఉప్పునీటి చేపలు అడిగింది. ఆమె క్లినిక్కులో ఆ పెద్ద ట్యాంకు నాలుగేళ్ళుగా ఖాళీగానే ఉంది. పన్ను పీకించుకోను భయపడి ఏడ్చే పిల్లలకు చూపించడానికి ఏమీ లేకుండా పోయిందట. నెలాఖరుకు చెన్నై నుంచి తొమ్మిది చేపలు వస్తాయి. వాటికి ముప్పై రోజులు రాగి మందు పట్టాలి. అది నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నువ్వు రావాలి. ఈ ఉత్తరం అందుకే.

మన మొదటి ఉప్పునీటి ట్యాంకు గుర్తుందా? అప్పటిదాకా మనం దుకాణంలో గోల్డ్ ఫిష్షులూ గప్పీలూ అమ్ముకునేవాళ్ళం. సముద్రం మనిద్దరిలో ఎవరూ చూసింది లేదు. హైదరాబాదు నుంచి ఉప్పు బస్తా తెచ్చి ఫిల్టరు నీళ్ళలో కలిపాం. ఉప్పు కొలవడానికి సాధనం ఇచ్చారన్న సంగతే మరిచిపోయి నువ్వు గ్లాసుతో ముంచుకుని గుటుక్కున తాగావు. ఎట్లున్నది తమ్మీ అంటే, మామిడికాయ తొక్కు ఊట లెక్కున్నదే అన్నా, గిండ్ల చాపలు ఎట్ల బతుకుతయే అన్నావు. ఆ రోజంతా నువ్వు చెంబు పట్టుకుని ఎన్నిసార్లు పరుగెత్తావో సుక్కికి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పమంటావా?

చేపలు మొదటిసారి రైల్లో వచ్చిన రోజు ఇంకా బాగా గుర్తుంది. బండి ఇక్కడ ఆగేదే రెండు నిమిషాలు. థర్మకోల్ పెట్టెలు అందుకుని, తలమీద వడ్ల మూట పెట్టుకున్నట్టు పెట్టుకుని, నువ్వు ప్లాట్‌ఫారం మీద ఒక్కో అడుగూ లెక్కపెట్టి నడిచావు. ఎదురొచ్చినవాళ్ళందరినీ జర జరుగున్రి, పాణాలున్నయి అని అరిచావు. ఒక ముసలమ్మ మూత ఎత్తించుకుని తెల్ల పట్టీల నారింజ చేపలను చూసి, గివి పులుసు పెడితే మంచిగుంటయా బిడ్డా అని అడిగింది. నీకు ఎంత కోపం వచ్చిందో! ఇంటిదాకా ఆ ముసలమ్మనే తిట్టుకుంటూ వచ్చావు.

అంత గారాబంగా తెచ్చినవాటిని తెలియక నేరుగా పెద్ద ట్యాంకులో వదిలాం. వారం తిరగకముందే వాటి ఒంటిమీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. కొత్తవాటితోపాటు పాతవీ పోయాయి. నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. చేపలు తినే మనిషివి చేపల కోసం పస్తున్నావని మీ వదిన నవ్వింది, తర్వాత తనూ కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే కదా మనం వెనక గదిలో ఆ ట్యాంకు పెట్టి దానికి దవాఖాన అని పేరు పెట్టింది. ఎంత అందమైన చేప వచ్చినా ముందు ముప్పై రోజులు రాగి మందు కలిపిన ఆ నీళ్ళలోనే. ఇసుక వద్దు, రాయి వద్దు. అవి మందును పీల్చేసుకుంటాయి. రొయ్యలూ నత్తలూ అసలే వద్దు, రాగి తగిలితే బతకవు. చేపలు దాక్కోవడానికి కోసిన పైపు ముక్కలు, అంతే. మందు ఒక్కసారే పోయకుండా నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచేవాళ్ళం. ట్యాంకు నీళ్ళు చిన్న సీసాలో తీసి చుక్కల మందు కలిపితే నీలం తిరుగుతుంది. దాన్ని రంగుల కార్డు పక్కన పెట్టి చూడాలి. మూడో గడి నీలానికి రావాలి, అక్కడే నిలవాలి. తగ్గితే రోగం బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది.

పొద్దున చాయ్ తాగకముందు నువ్వు చూసేవాడివి, సాయంత్రం అసర్ నమాజు చదివి వచ్చి నేను చూసేవాణ్ణి. ఎవరికి కనబడిన గడి అంకె వాళ్ళు గోడ క్యాలెండరు మీద వేసేవాళ్ళం. ముప్పయ్యో రోజున సుక్కి జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పంపేది. మనం దవాఖాన ముందు పీటలేసుకుని తింటూ, ఇయ్యాల వీళ్ళకు డిశ్చార్జి అని చేపలకు చెప్పేవాళ్ళం. పిచ్చోళ్ళం మనం. ఇప్పుడు దుకాణంలో ఒక్కణ్ణే కూర్చుని, నువ్వు లేని పీట వైపు చూసి తిట్టుకుంటున్నాను.

ఇక నాలుగేళ్ళ కిందటి ఆ ఆదివారం సంగతి. రాయకుండా దాటేద్దామనుకున్నాను కాని, దాటేస్తే ఉత్తరం అబద్ధమవుతుంది. డాక్టరమ్మ మన దవాఖానలో ఉన్న తన పదకొండు చేపలను చూసుకోవాలని జనగామ నుంచి వచ్చింది. అది ఇరవయ్యొకటో రోజు. గది తలుపు తీస్తే పదకొండూ ట్యాంకు అడుగున పడి ఉన్నాయి. నీళ్ళు పరీక్ష చేస్తే ముదురు నీలం, కార్డు దాటిపోయిన నీలం. నీ సంచిలో మిరపతోటకని కేసముద్రంలో కొన్న మైలుతుత్తం పొట్లం కనబడింది. అదీ రాగే కదా. నేను డాక్టరమ్మ ముందరే, గిదే పోసినవా, చాపలంటే మిరప చెట్లనుకున్నవా అన్నాను. గా పొట్లం నేను ఇప్పనే లేదన్నా, జర చూడే అన్నావు నువ్వు. నేను చూడలేదు. నువ్వు సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయావు.

ఆ మాట జనగామ నుంచి వరంగల్ దాకా పాకిందని, ఆ తర్వాత ఏ చేపల దుకాణంవాడూ నిన్ను పనిలో పెట్టుకోలేదని విన్నాను. భూపాలపల్లిలో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నావని శోభ చెప్పింది. చేపల వైపే చూడడం లేదట కదా.

సరే, అయిందేదో అయింది. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. నీ మీద నా కోపం ఎప్పుడో పోయింది. ఆ ఊసు నేనిక ఎత్తను. ఈసారి వాల్యా జాగ్రత్తగా ఉంటాడని డాక్టరమ్మకు నేను పూచీ పడతాను. నెలాఖరులోగా బయలుదేరి రా. పీట అక్కడే ఉంది.

సుక్కికి మీ వదిన ప్రత్యేకం సలాము చెప్పమంది.

ఇట్లు,
నీ మేలు కోరే
సత్తారన్న

తా.క. (15 అక్టోబర్, బుధవారం)

ఉత్తరం కవరులో పెట్టేముందు మీ వదినకు చదివి వినిపించాను. అంతా విని, మంచిగనే రాసిండ్రు, వాల్యా తప్పు మాఫ్ చేసిండ్రు, మరి మీ తప్పు ఎవలు మాఫ్ చెయ్యాలె అన్నది. నా తప్పేమిటో కళ్ళ ఆపరేషన్ తర్వాత ఆమెకు నేనే చెప్పి ఉన్నాను. మూడు రోజులు ఆ కవరు అంటించలేకపోయాను.

జూలైలో ఒక కంటికి, ఆగస్టులో రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ పొరలు ఏళ్ళ తరబడి ముదిరినవని డాక్టరు అన్నాడు. కళ్ళు కుదుటపడ్డాక దుకాణంలో పాత రంగుల కార్డు తీశాను. ఐదు గడులూ ఐదు వేరువేరు నీలాలు వాల్యా! నాలుగేళ్ళ కింద నాకు రెండో గడికీ మూడో గడికీ తేడా తెలిసేదే కాదు. తెలియడం లేదని నీకు చెప్పడానికి నామోషీ. రోగం మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో ఎప్పుడూ తక్కువ అంకే వేసేవాణ్ణి.

ఆ శనివారం పొద్దున నువ్వు మూడు అని వేశావు. సాయంత్రం నేను రెండు అని వేసి, రెండు మూతల మందు పోశాను. నీకు చెప్పలేదు. మర్నాడు నీ సంచి మీద పడినప్పుడు ఆ రెండు మూతలూ నాకు గుర్తున్నాయి. కన్ను కనబడకపోవడం నా పొరపాటు. గుర్తుండి కూడా నిన్ను అనడం పొరపాటు కాదు, పాపం.

నిన్న జనగామ పోయి డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె ఖాళీ ట్యాంకు వైపు చూసింది. తర్వాత, మరి ఇరవై రోజులు లెక్క సరిగ్గ చూసిందెవలు అని అడిగింది. వాల్యా అన్నాను. అట్లయితే చాపల పని ఆయనకే చెప్త, నంబరియ్యున్రి అన్నది. ఇచ్చాను. చెన్నై వాళ్ళకూ, వరంగల్ దుకాణాలకూ ఫోన్ చేసి ఆ రోజు చంపింది నేనేనని ఒక్కొక్కరికీ చెప్పాను. సిగ్గుతో చెవులు కాలాయి. కాలనీ.

కనుక పైన నిన్ను రమ్మని, నీకు పూచీ పడతానని రాసిన మాటలు కొట్టేసి చదువుకో. పని నీది. ట్యాంకు ఎక్కడ పెట్టుకుంటావో, ఎవరిని పెట్టుకుంటావో నీ ఇష్టం. సాయంత్రం పూట రెండో కన్ను కావాలనిపిస్తే కబురు చెయ్యి, భూపాలపల్లి బస్సు నేనే ఎక్కుతాను. వద్దనిపిస్తే, ఆ ఒక్క మాట ఫోనులో నీ నోటితో చెప్పు. నాలుగేళ్ళయింది నీ గొంతు విని.