మీ పెట్టె, కంపెనీ పెట్టె

అంబాజీపేట

సూపర్ మార్కెట్టు మేనేజరు గారికి బంగారమ్మ నమస్కారాలు.

మీకు ఫోను చేస్తే ఒకమ్మాయి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది. అన్నీ నొక్కేను. ఇక ఉత్తరమే గతి.

మా వారు తాతబ్బాయి గారు కొబ్బరి వ్యాపారం చేసేవారు. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొంచెం స్వాధీనంలోకి వచ్చేయి గానీ మాట పడిపోయింది. పొద్దున్న మాత్రలకి ముందు కడుపులో ఏదైనా పడాలి. ఇడ్లీ పెడితే నోరు తెరవరు. పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసి పెడదామంది మా కోడలు హేమ. తనకి డ్యూటీ బస్సు, మనవరాలు శ్రీదుర్గకి స్కూలు బస్సు. అందరికీ అదే టిఫినవుతుందని.

మా ఊళ్ళోని మీ బ్రాంచిలో పేరున్న కంపెనీ పెట్టె పక్కనే మీ కొట్టు పేరుతో ఇంకో పెట్టె ఉంది, చవగ్గా. ఏది మంచిదని అడిగితే బిల్లు కొట్టే ఆవిడ "రెండూ మంచివేనండి, ఆయ్" అంది. నిజం మీరు చెప్పాలి.

ఇట్లు,
బంగారమ్మ

తా.క.: రెండూ మంచివైతే రెండెందుకండీ?

*

అమలాపురం

గౌరవనీయులైన బంగారమ్మ గారికి,

అమ్మేవాణ్ణి నేనే మాది మంచిదంటే మీరు నమ్మనక్కర్లేదు. రెండూ మొక్కజొన్నే. ఉప్పూ చక్కెరా ఎంతుందో పెట్టె వెనక ఉంటుంది, డాక్టరు గారికి చూపించండి. ఆ తరవాత రెండు గిన్నెల్లో పోసి ఇంటిల్లిపాదీ తిని చూడండి. ఏదీ దాచకుండా రాయండి.

భవదీయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు, మేనేజరు

తా.క.: నొక్కమనే అమ్మాయి నా మాటా వినదండి.

*

అంబాజీపేట

మేనేజరు గారికి నమస్కారం.

డాక్టరు గారు ఏదైనా పరవాలేదన్నారు. ఆదివారం రెండు గిన్నెలూ పెట్టేను. మీది పాలు తగలగానే మెత్తబడిపోయింది. మా వారు గిన్నె ఖాళీ చేసేరు. ఇన్నాళ్ళకి ఆయన కడుపునిండా తినడం చూసి, వంటింట్లోకెళ్ళి కళ్ళొత్తుకున్నాను.

శ్రీదుర్గ మాత్రం "నానమ్మా, ఇది తడిసిన అట్టముక్కలా ఉంది. కంపెనీదైతే కరకరలాడుతుంది" అంది. వాళ్ళమ్మదీ అదే మాట. దాంతో మా ఇల్లు రెండైపోయిందండి. అటు వాళ్ళిద్దరూ, ఇటు మేమిద్దరం. అంతా మీ సలహా వల్లే.

ఇట్లు,
బంగారమ్మ

తా.క.: పాలగిన్నె ఒక్కటే ఇంకా ఉమ్మడి.

*

అమలాపురం

బంగారమ్మ గారికి,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. మా అన్నదమ్ములం వేరుపడిన రోజు మా అమ్మ మొహం నాకింకా గుర్తే. మా పెట్టె వల్ల మరో కుటుంబానికి అలా జరక్కూడదు. అందుకని మీ ఊరి బ్రాంచిలో మా పెట్టెలన్నీ తీయించేశాను. కంపెనీ పెట్టెలు రెండు మా తరఫున పంపుతున్నాను. అందరూ ఒకటే తిని మళ్ళీ కలిసిపోండి.

భవదీయుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు

తా.క.: పాలగిన్నె జోలికి మాత్రం పోకండి.

*

అంబాజీపేట

మేనేజరు గారూ,

ఎంత పని చేసేరండీ! మేం వేరుపడలేదు. రుచులు వేరన్నాను, అంతే.

మీ పెట్టె అయిపోయింది. కొట్లో చూస్తే లేదు. చేసేది లేక హేమ మీరు పంపిన కంపెనీదే పాలల్లో వేసి తెచ్చింది. మా వారు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. నమల్లేకపోయేరు. మొహం ఎర్రబడింది. గిన్నె అవతలకి తోసేసి నా వైపు చూసి, "ఇది కాదే బంగారం" అన్నారు.

నా చేతిలో చెంబు జారిపోయింది. హేమ బస్సు సంగతే మర్చిపోయింది. శ్రీదుర్గ ఆయన మోకాళ్ళు పట్టుకుని "తాతయ్యా, మళ్ళీ అనవా" అంది. "ఇది కాదు. అది!" అని కసిరేరు. ఆ కసురు కోసం ఎన్నాళ్ళు ఎదురు చూసేనో మీకు తెలియదండి. ముగ్గురం ఏడ్చేం. ఆయనకి మరీ కోపమొచ్చింది.

మాట తిరిగొస్తోంది, ఊరికే మాట్లాడిస్తూ ఉండమన్నారు డాక్టరు గారు.

మీకు రుణపడి ఉండే,
బంగారమ్మ

తా.క.: మీ పెట్టెలు అప్పుడే పంపకండి. అటుకులు నానబెట్టి పెడుతున్నాను, తిట్టుకుంటూ తింటున్నారు. మిమ్మల్నీ తిడదామని చూస్తున్నారు గానీ, మీ పేరు ఇంకా 'సుబ్ర' దాకానే వచ్చింది.